వేడి ఎక్కడ ఆగింది?

చిట్టెలుక డొక్క పక్కన, చర్మం అడుగున శనగగింజంత గడ్డ. దాని మీద 808 నానోమీటర్ల లేజర్ కాంతిని ఐదు నిమిషాలు నిలిపితే గడ్డ ఉడికిపోతుంది. మూడో రోజుకి నల్లటి పెచ్చు కడుతుంది. రెండు మూడు వారాలకి ఆ పెచ్చు రాలిపోయి, ఫొటోలో చర్మం నున్నగా కనిపిస్తుంది. పేపర్లో "లేజర్‌తో ప్రోస్టేట్ క్యాన్సర్ మాయం" అని వార్త పడితే దాని వెనక తరచుగా ఉండేది ఈ ఫొటోనే. కానీ మాంసాన్ని వేడి చేస్తే చస్తుందని రుజువు చెయ్యడానికి చిట్టెలుక ప్రాణం తీయక్కర్లేదు. మటన్ కొట్లో తెచ్చిన కార్జం ముక్క చాలు.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి వేడితో చేసే లేజర్ చికిత్సలో కష్టమంతా గడ్డ అంచు దగ్గరే ఉంది. వేడి ఎంతవరకు పాకింది, ఎక్కడ ఆగింది, ఆగినచోటికి అవతల ఏది బతికి బయటపడింది? జంతువు మీద చేసే ప్రయోగం ఈ మూడింటికీ మిల్లీమీటర్లలో జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ జంతువు ప్రాణం ఊరికే పోయినట్టే. ఈ వ్యాసంలో నేను వాదించేది ఇదే.

ముందు పేరు దగ్గరే ఉన్న గందరగోళం ఒకటి తీర్చుకోవాలి. హైదరాబాద్‌లో "నాన్నకి ప్రోస్టేట్ లేజర్ ఆపరేషన్ అయింది" అని ఎవరైనా అంటే సాధారణంగా అది హోలెప్ అయి ఉంటుంది. వయసుతో ఉబ్బి మూత్రానికి అడ్డుపడే గ్రంథిని హోల్మియం లేజర్‌తో లోపలినుంచి, తొక్కలోంచి బత్తాయి తొనలు ఒలిచినట్టు ఒలిచి తీస్తారు. ఆ కాంతి తరంగదైర్ఘ్యం 2100 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. నీరు దాన్ని అర మిల్లీమీటరు లోపే పీల్చేస్తుంది కాబట్టి అది కత్తిలా కోస్తుంది. అది క్యాన్సర్‌కి చేసే చికిత్స కాదు. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది 800 నుంచి 1064 నానోమీటర్ల మధ్య కాంతి గురించి. అది కణజాలంలోకి మిల్లీమీటర్ల లోతు దిగి, అటూ ఇటూ చెదిరి, మెల్లగా వేడిగా మారుతుంది. 808 దగ్గర నీరు దాన్ని దాదాపు పట్టించుకోదు, సెంటీమీటరుకి 0.02 మాత్రమే పీలుస్తుంది. 980 దగ్గర అది 0.4, 0.5 దాకా పెరుగుతుంది. 1064 దగ్గర మళ్లీ 0.15కి అటూఇటూగా తగ్గుతుంది. ఏ లేజర్ తీసుకున్నామన్నదాన్ని బట్టే వేడి ఆకారం మారిపోతుంది. అందుకే "నియర్ ఇన్‌ఫ్రారెడ్ లేజర్ వాడాం" అని ఒక్క ముక్కతో సరిపెట్టిన పేపర్‌ని నేను నమ్మను.

మనిషికి చేసేటప్పుడు 400 లేదా 600 మైక్రాన్ల ఫైబర్‌ని (కాంతిని మోసే సన్నని తీగని), చివర 10 నుంచి 15 మి.మీ. మేర కాంతిని చుట్టూ వెదజల్లే కొనతో, ఒక సన్నని గొట్టంలో పెట్టి గ్రంథిలోకి దింపుతారు. గొట్టంలో సెలైన్ తిరుగుతూ కొనను చల్లగా ఉంచుతుంది. 980 నానోమీటర్లు, గరిష్ఠంగా 15 వాట్లు. టొరంటో వైద్యులు 12 మందికి ఈ తరహా లేజర్ చికిత్స చేసి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఒక్క ఫైబర్‌తో దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పున కణజాలం చస్తుంది.

అంచు ఎందుకంత ముఖ్యం

ప్రోస్టేట్ ఉన్నది చాలా ఇరుకు చోటులో. పైన మూత్రాశయం, నడి మధ్యలోంచి మూత్రనాళం, కింద మూత్రాన్ని పట్టి ఉంచే కండరం. వెనక కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే మలాశయం గోడ. వెనకవైపు రెండు మూలలా, గడియారంలో ఐదు, ఏడు అంకెలుండే చోట్ల, అంగస్తంభనకి కావలసిన నరాలు. క్యాన్సర్లలో నూటికి డెబ్బై దాకా పుట్టేది గ్రంథి వెనక అంచులోనే, అంటే మలాశయానికీ ఈ నరాలకీ ఆనుకునే. ఆ గోడ కాలితే మలాశయానికీ మూత్రనాళానికీ మధ్య రంధ్రం పడుతుంది. దానికంటే క్యాన్సరే నయమనిపించే బాధ అది.

పైగా ఫోకల్ లేజర్ (గ్రంథి మొత్తాన్ని కాకుండా గడ్డ ఉన్న చోటునే కాల్చే పద్ధతి) కోసం వచ్చే రోగి ఎవరు? గ్రంథిలో ఒక మూల చిన్న గడ్డ ఉన్నవాడు, మెల్లగా పెరిగే రకం ఉన్నవాడు. బ్రిటన్‌లో 1,643 మందిని మూడు గుంపులు చేసి (కనిపెట్టి చూడటం, ఆపరేషన్, రేడియేషన్) 15 ఏళ్లు గమనించిన ప్రొటెక్ట్ పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. ఏ గుంపులో చూసినా ఆ పదిహేనేళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే. అలాంటి మనిషికి లేజర్ చెయ్యగల మేలల్లా అతని మూత్రం పట్టునీ దాంపత్య జీవితాన్నీ చెడగొట్టకుండా గడ్డను తీసెయ్యడం. చుట్టుపక్కల వాటిని కాపాడలేకపోతే ఈ చికిత్సకి అర్థమే లేదు.

ఇప్పుడు చిట్టెలుక వైపు చూడండి. అందరూ వాడే పీసీ-3 కణాలు ఒక రోగి ఎముకలోకి పాకిన క్యాన్సర్ నుంచి తీసినవి. వాటికి హార్మోన్ అక్కర్లేదు, అవి పీఎస్‌ఏ (ప్రోస్టేట్ కణాలు చేసే ప్రోటీన్) చెయ్యవు, విచ్చలవిడిగా పెరుగుతాయి. డీయూ145 మెదడుకి పాకిన క్యాన్సర్‌ది. ఎల్‌ఎన్‌క్యాప్ లింఫ్ గ్రంథినుంచి వచ్చింది. అది పీఎస్‌ఏ చేస్తుంది కానీ మ్యాట్రిజెల్ (కణాలు నిలదొక్కుకోవడానికి కలిపే జెల్) లేకుండా సరిగా అంటుకోదు, అంటుకున్నా లోపల రక్తం కారి గడ్డ మెత్తబడుతుంది. మూడూ ముదిరిన జబ్బు నమూనాలే. చిట్టెలుక డొక్క పక్కన మలాశయం లేదు, ఆ నరాలు లేవు, మూత్రనాళం లేదు. కాపాడాల్సిందేదీ లేనిచోట గడ్డను కాల్చి విజయం అంటున్నాం. ఇదే నా ఫిర్యాదు.

డిగ్రీలు, నిమిషాలు, వాట్లు

వేడి మోతాదుని కొలవడానికి సపరెటో, డ్యూయీ 1984లో ఇచ్చిన లెక్కనే ఇప్పటికీ వాడతాం. 43 డిగ్రీల దగ్గర ఎన్ని నిమిషాలు ఉంచినట్టు లెక్క అన్నదే కొలబద్ద. 43 పైన ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ అదే నష్టానికి పట్టే సమయం సగమవుతుంది. 43 కింద ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ నాలుగింతలవుతుంది. 240 నిమిషాలకి సమానమైన మోతాదు అందిన చోట కణజాలం చచ్చినట్టు లెక్కేస్తారు. 45 డిగ్రీల దగ్గర దానికి గంట పడుతుంది. 47 దగ్గర 15 నిమిషాలు, 50 దగ్గర రెండు నిమిషాలకి కాస్త తక్కువ, 55 దగ్గర మూడున్నర సెకన్లు. 60 దగ్గర రెప్పపాటు.

గడ్డ నడిమధ్య 65 డిగ్రీలు వచ్చిందని చెప్పడం ఎందుకు పనికిరాదో ఈ వరసే చెబుతుంది. అక్కడ కణాలు ఎలాగూ చస్తాయి. తేలాల్సింది 43కీ 50కీ మధ్య ఊగే చోటు సంగతి. ఆ చోట థర్మామీటరు రెండు డిగ్రీలు తప్పితే మోతాదు నాలుగింతలు తప్పుతుంది. 48 అనుకున్నది నిజానికి 46 అయితే, చచ్చిందనుకున్న పొర బతికే ఉంటుంది. క్యాన్సర్ తిరిగొచ్చేది అక్కడినుంచే.

వాట్లు చెప్పి ఊరుకోవడం ఇంకో జబ్బు. 100 ఘన మి.మీ. గడ్డ అంటే 0.1 గ్రాము. దాన్ని 15 డిగ్రీలు పెంచడానికి కావలసిన శక్తి సుమారు 5.4 జౌళ్లు. ఒక వాటు లేజర్ ఒక్క నిమిషంలో పంపేది 60 జౌళ్లు. ఐదు నిమిషాలు పెడితే 300. మిగతాదంతా ఎటు పోయినట్టు? కొంత చర్మం మీదనుంచి వెనక్కి తిరిగిపోతుంది, కొంత రక్తం మోసుకుపోతుంది, చాలా భాగం పక్క కండరంలోకి పాకుతుంది. 25 గ్రాముల జంతువుకి అది ఒళ్లంతా జ్వరం తెప్పించే వేడి. చికిత్స అయ్యేలోపు మలద్వారం థర్మామీటరు 40 దాటిందంటే మీరు గడ్డతోపాటు ఎలుకనీ ఉడకబెడుతున్నట్టే.

పొయ్యి కట్టేసినా అన్నం మగ్గుతూనే ఉంటుంది. లేజర్ ఆపాక కూడా ఇదే జరుగుతుంది. కణజాలంలో వేడి పాకే వేగాన్ని బట్టి చూస్తే 3 మి.మీ. దూరం పాకడానికి దాదాపు 16 సెకన్లు, 5 మి.మీ.కి 45 సెకన్లు, సెంటీమీటరుకి మూడు నిమిషాలు పడుతుంది. చిట్టెలుక గడ్డలో వేడి ఇట్టే సర్దుకుంటుంది. మనిషి ప్రోస్టేట్‌లో ఫైబర్ దగ్గర వేడి ఎక్కినప్పుడు మలాశయం గోడకి ఇంకా విషయం తెలియదు; లేజర్ ఆపాక తెలుస్తుంది. చిట్టెలుకకి సరిపోయిన వాట్లనీ నిమిషాలనీ పెద్ద గ్రంథికి గుణించి తెచ్చుకోవడం కుదరదు, ఎందుకంటే దూరం రెండింతలైతే సమయం నాలుగింతలవుతుంది. పైగా ఎంఆర్‌ఐలో కనిపించిన గడ్డ చుట్టూ దాదాపు 9 మి.మీ. అదనంగా కాలిస్తేగాని కనపడని క్యాన్సర్ అంతా పోదని, తీసేసిన గ్రంథులను కోసి ఎంఆర్‌ఐతో పోల్చి చూసి తేల్చారు. మన చిట్టెలుక గడ్డ మొత్తం వెడల్పే 6 మి.మీ.

చిట్టెలుకతో ఎక్కడెక్కడ తప్పుతుంది

చిట్టెలుకను వద్దనడం లేదు. కొత్త కణం, కొత్త మందు, కొత్త నానోపదార్థం తొలిసారి చూడటానికి అది కావాలి. కానీ తప్పులు జరిగే చోట్లు తెలిసి చెయ్యాలి.

పొడిగా చెప్పాలంటే విధానం ఇది: 20 లక్షల నుంచి 50 లక్షల పీసీ-3 కణాలు, సగానికి సగం మ్యాట్రిజెల్‌తో కలిపి 100 మైక్రోలీటర్లు, చర్మం కిందకి. మూడు నాలుగు వారాలకి గడ్డ 100 ఘన మి.మీ. దాటుతుంది. పొడవుని వెడల్పు వర్గంతో గుణించి రెండుతో భాగిస్తే ఘనపరిమాణం. అన్ని గడ్డలూ 80 నుంచి 120 మధ్య ఉన్నప్పుడు చీటీలు వేసి గుంపులు చెయ్యాలి. పెద్ద గడ్డల్ని కంట్రోల్‌లోకి (పోలిక కోసం చికిత్స లేకుండా ఉంచే గుంపులోకి) నెట్టడం తెలియకుండానే జరిగిపోతుంది. లేజర్ మాత్రమే, మందు మాత్రమే, మత్తిచ్చి ఏమీ చెయ్యకుండా వదిలేసింది, ఈ మూడు గుంపులూ లేని ప్రయోగం చదవక్కర్లేదు.

ఇక లేజర్. యంత్రం తెర మీద చూపించే వాట్లు ఫైబర్ చివర వచ్చేవి కావు. ఫైబర్ కొన మురికిగా ఉంటే, కనెక్టర్ వదులైతే, గణనీయంగా తగ్గిపోతాయి. ప్రతి రోజూ మొదటి ఎలుకకి ముందు, చివరి ఎలుక తర్వాత పవర్ మీటరు మీద కొలిచి రాసుకోవాలి. రెండు అంకెలకీ తేడా ఉంటే ఆ రోజు లెక్క సరిచూసుకోవాలి. మచ్చ వెడల్పు సెంటీమీటరైతే వైశాల్యం 0.785 చదరపు సెం.మీ. దాన్నిబట్టి సగటు తీస్తారు. కానీ కాంతి మధ్యలో గుమిగూడే రకం పుంజమైతే నడిమధ్య తీవ్రత సగటుకి రెండింతలు. మధ్యలో చర్మం కాలి, అంచున గడ్డ బతికి ఉండటానికి ఇదే కారణం.

చర్మం మీద సురక్షితమని ప్రమాణాలు ఒప్పుకునే హద్దు 808 నానోమీటర్లకి చదరపు సెంటీమీటరుకి 0.33 వాట్లు, 980కి 0.73, 1064కి 1 వాటు. చిట్టెలుక పేపర్లలో 808 దగ్గర ఒకటి, రెండు వాట్లు మామూలు. హద్దుకి మూడు నుంచి ఆరింతలు. పైనుంచి అంత కాంతి కొట్టి, "చర్మానికి హాని లేదు" అని రాసినప్పుడు ఏ రోజు, ఏ కోతలో చూశారో అడగండి.

నల్ల చిట్టెలుకల సంగతి వేరే. ట్రాంప్-సీ2 అనే చిట్టెలుక ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు సీ57 బ్లాక్ 6 అనే నల్ల జాతిలోనే పెరుగుతాయి. మనిషి కణాలు పెంచడానికి వాడే, వెంట్రుకలు లేని న్యూడ్ మైస్‌కి లేని టీ కణాలు (రోగనిరోధక కణాలు) వీటికి ఉంటాయి కాబట్టి, వేడి తర్వాత రోగనిరోధక స్పందన గురించి మాట్లాడాలంటే ఇవే కావాలి. న్యూడ్ మైస్ మీద చేసి "వేడి రోగనిరోధక శక్తిని లేపింది" అనడానికి ఆధారం సగమే. కానీ నల్ల ఎలుక చర్మం వెంట్రుకలు పెరిగే దశలో బూడిదరంగుకి తిరుగుతుంది, పెరగని దశలో గులాబీగా ఉంటుంది. గొరిగిన ఒకే గుంపులో రెండు రంగులూ కనిపిస్తాయి. బూడిదరంగు చర్మం కాంతిని పైనే పీల్చి కాలిపోతుంది. గొరిగాక రంగు చూసి, గులాబీగా ఉన్నవాటినే తీసుకోవాలి.

మత్తు ఇంకో ఉచ్చు. కెటమిన్, జైలజిన్ ఇచ్చిన చిట్టెలుకని వట్టి బల్ల మీద పడుకోబెడితే దాని ఒళ్లు 37 నుంచి 33కి, ఇంకా కిందకి జారిపోతుంది. అదే లేజర్, అదే సమయం, మొదలయ్యే వేడి నాలుగు డిగ్రీలు తక్కువ. పైన చెప్పిన లెక్క ప్రకారం మోతాదు పదహారో వంతు. వెచ్చని పరుపు మీద పడుకోబెట్టి ఒళ్లు 36.5 దాటాకే మొదలుపెట్టాలి.

వేడిని దేనితో కొలుస్తున్నాం? లోహపు థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) తనే కాంతిని పీల్చి వేడెక్కుతుంది. లేజర్ ఆపిన క్షణంలో అంకె ధడాలున కొన్ని డిగ్రీలు పడిపోతే, ఆ పడిపోయినంతా అబద్ధపు వేడి. ఫైబర్ ఆప్టిక్ ప్రోబ్ వాడాలి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చూసేది పైచర్మాన్ని మాత్రమే. కెమెరాలో ఎర్రగా వెలిగిన గడ్డ అడుగున, కండరానికి ఆనుకున్న పొర 42 దగ్గరే ఉండవచ్చు. కాంతి ప్రతి మూడు నాలుగు మిల్లీమీటర్లకి దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. అందుకే ఒక ప్రోబ్ గడ్డ మధ్యలో, ఒకటి గడ్డ అడుగున, ఒకటి అంచుకి 2 మి.మీ. బయట. బయటి ప్రోబ్ లేని ప్రయోగం నా దృష్టిలో అసంపూర్ణం.

చచ్చిందా, లేదా

వేడితో చచ్చిన కణం చచ్చినట్టు వెంటనే కనపడదు. ఫైబర్‌కి దగ్గరగా ఉన్న కణాలు ఫార్మలిన్‌లో వేసినట్టే బిగుసుకుపోతాయి. కేంద్రకం గుండ్రంగా, హద్దులు చక్కగా, పాథాలజీలో మామూలుగా వేసే హెచ్ అండ్ ఇ రంగులో చూస్తే బతికున్నట్టే ఉంటాయి. ఇది తెలియని పాథాలజిస్టు "మధ్యలో కణాలు బతికే ఉన్నాయి" అని రాస్తారు. దీనికి మందు జీవశక్తిని చూపే రంగులు: ఎన్‌ఏడీహెచ్ డయాఫొరేజ్, టీటీసీ. ఫార్మలిన్‌లో వెయ్యని తాజా ముక్కని టీటీసీలో 37 డిగ్రీల దగ్గర పదిహేను ఇరవై నిమిషాలు ఉంచితే బతికున్న చోటు ఎర్రబడుతుంది, చచ్చింది పాలిపోయి తెల్లగా ఉండిపోతుంది. ఆ రెండింటి మధ్య గీత కంటికే కనిపిస్తుంది. దాన్ని స్కేలు పక్కన పెట్టి ఫొటో తియ్యాలి. ఫార్మలిన్‌లో వేశాక ముక్క కుంచించుకుపోతుంది, ఆ తర్వాత కొలిచిన మిల్లీమీటర్లు తక్కువ చూపిస్తాయి.

జీవించి ఉన్న జంతువులో ఈ గీత కూడా కదులుతుంది. మొదటి గంటలో రక్తం చిమ్మిన ఎర్రటి పట్టీ ఉంటుంది, అది ఒకటి నుంచి మూడు రోజుల్లో చచ్చిన భాగంలో కలిసిపోతుంది, ఎందుకంటే అక్కడి రక్తనాళాలు మూసుకుపోయాయి. కాబట్టి అదే రోజు కోసి చూస్తే వేడి తక్కువ దూరం వెళ్లిందనుకుంటాం. మూడో రోజు చూడాలి.

కాలిపర్‌తో గడ్డ కొలవడం గురించి ఒక్క మాట. మొదటి రెండు రోజులు వాపుతో గడ్డ పెరిగినట్టు కనిపిస్తుంది, తర్వాత కొలిచేది ఎండిన పెచ్చుని. పద్నాలుగో రోజు ఆపేసిన ప్రయోగంలో గ్రాఫ్ సున్నా దగ్గర ముగుస్తుంది. అంచున మిగిలిన కణాలు తలెత్తేది సరిగ్గా ఆ తర్వాతే. రెండు నెలలు ఆగాలి.

పెద్ద జంతువులు

ఫైబర్ లోపలికి దించి చెయ్యాలంటే చిట్టెలుక చాలదు. 1961లో కోపెన్‌హేగెన్ జాతి పెద్ద ఎలుక (ర్యాట్) ప్రోస్టేట్‌లో తనంతట తానే పుట్టిన గడ్డ నుంచి డన్నింగ్ ఆర్3327 వంశం వచ్చింది. మెల్లగా పెరిగే రకాల నుంచి ఊపిరితిత్తులకి పాకే మ్యాట్-లైలు దాకా దాని పిల్ల వంశాలు ఉన్నాయి. మెల్లగా పెరిగేదాన్ని ఎంచుకునే వీలుంది, గడ్డ సెంటీమీటరు దాటుతుంది, ఎలుకకి టీ కణాలు ఉంటాయి. అంచు ప్రశ్నకి నేను చిట్టెలుక కంటే దీన్నే ఎంచుకుంటాను.

కుక్క దగ్గరకి వచ్చేసరికి అసలు పరీక్ష మొదలవుతుంది. దాని ప్రోస్టేట్ మనిషిదాని పరిమాణానికి దగ్గరగా ఉంటుంది, మలాశయం పక్కనే ఉంటుంది. మూత్రనాళం గ్రంథి మధ్యగా పోతుంది. కానీ మనిషి గ్రంథిలోలా లోపలి, వెలుపలి మండలాలు స్పష్టంగా ఉండవు. విత్తులు తీసిన కుక్కలో గ్రంథి ఎండిపోతుంది. అమెరికాలో కుక్క ప్రోస్టేట్‌లో టీవీటీ కణాలు ఎక్కించి, ఎంఆర్‌ఐ చూస్తూ 980 లేజర్‌తో కాల్చిన ప్రయోగాలు జరిగాయి. టీవీటీ అంటే మన వీధికుక్కల్లో సంగమం వల్ల అంటుకునే గడ్డే. పశువైద్యులు విన్‌క్రిస్టిన్ ఇచ్చి నయం చేస్తారు. అది ప్రోస్టేట్ క్యాన్సర్ కాదు. ఎంఆర్‌ఐలో గురి చూడటానికి ఒక లక్ష్యం, అంతే. లేజర్ గురి కుదురుతుందా అన్నదానికే ఆ ప్రయోగం జవాబు చెబుతుంది, క్యాన్సర్ నయమవుతుందా అన్నదానికి కాదు. అది ఒప్పుకుని చేశారు కాబట్టే ఆ పని నాకు గౌరవంగా అనిపిస్తుంది.

కుక్కలో పని జరిగే తీరు చూద్దాం. పూర్తి మత్తు, మూత్రనాళంలో క్యాథెటర్, మలాశయం ఖాళీ. విటపం (వృషణాలకీ మలద్వారానికీ మధ్య చోటు) చర్మం గుండా సూది, దాని వెంట చల్లబరిచే గొట్టం, అందులో ఫైబర్. సెలైన్ తిరిగి బయటికి వస్తోందని కంటితో చూశాకే లేజర్ మీట నొక్కాలి. గొట్టంలో గాలిబుడగ చిక్కి ప్రవాహం ఆగితే కొన కరిగిపోతుంది. కొనకి రక్తం అంటితే అది మాడి బొగ్గవుతుంది, బొగ్గు కాంతినంతా అక్కడే మింగేస్తుంది, ఆ పై పొరలకి వేడి చేరదు. మొదట 3 లేదా 4 వాట్లతో అర నిమిషం పరీక్ష. వేడి ఎక్కడ పుడుతోందో ఎంఆర్‌ఐలో చూసుకుని, సరిగ్గా ఉంటేనే 10 నుంచి 15 వాట్లు, ఒకటి రెండు నిమిషాలు. ఫైబర్ పక్కన 90 డిగ్రీలు దాటినా, మలాశయం గోడ దగ్గర పెట్టుకున్న హద్దు దాటినా యంత్రమే ఆగిపోయేలా ముందే అమర్చాలి.

ఎంఆర్‌ఐ వేడిని ఎలా చూస్తుందంటే, నీటిలోని ప్రోటాన్ల పౌనఃపున్యం డిగ్రీకి పది కోట్లకి ఒక వంతు చొప్పున తగ్గుతుంది. 1.5 టెస్లా యంత్రంలో అది 0.64 హెర్ట్జ్. 20 మిల్లీసెకన్ల ఎకో సమయానికి ఒక్క డిగ్రీ వేడి నాలుగున్నర డిగ్రీల ఫేజ్ మార్పుగా కనిపిస్తుంది. ఇంత సున్నితమైన లెక్కని మలాశయంలో కదిలే ఒక్క గాలిబుడగ చెడగొట్టగలదు. కొవ్వులో ఈ మార్పే రాదు కాబట్టి కొవ్వు పొర మీద చూపే అంకెని నమ్మకూడదు. అయస్కాంతం తనంతట తాను జారే జారుడుని తీసెయ్యడానికి వేడి తగలని చోట ఒక గడి పెట్టుకుని దాన్ని తీసివేస్తూ ఉండాలి. విచారమేమిటంటే, మనం ఖచ్చితంగా కొలవాల్సిన మలాశయం అంచు దగ్గరే గాలీ కొవ్వూ రెండూ ఉన్నాయి.

బంగారపు నానోషెల్స్ అంచు సమస్యకి దారి చూపుతాయని ఆశ ఉంది. 120 నానోమీటర్ల సిలికా గుండు మీద 15 నానోమీటర్ల బంగారు పూత. గడ్డలోకి చేరిన రేణువులు కాంతిని పీల్చి అక్కడే వేడెక్కుతాయి. 2003లో తొలిసారి చూపారు, 2008లో పీసీ-3 చిట్టెలుకల్లో, 2019లో మనుషుల్లో 810 లేజర్‌తో చేసిన తొలి ఫలితాలు వచ్చాయి. నాకు ఈ దారి మీద గౌరవం ఉంది, ఎందుకంటే వేడి హద్దుని గడ్డే గీసుకుంటుంది. కానీ ఎక్కించిన నానోరేణువుల్లో గడ్డకి చేరేది మధ్యస్థంగా 0.7 శాతమేనని 2016లో వచ్చిన ఒక సమీక్ష లెక్కకట్టింది. మిగతాది ఎక్కువగా కాలేయం, ప్లీహంలో కూచుంటుంది. గడ్డలోకే నేరుగా సూదితో ఎక్కించి "గురి కుదిరింది" అనడం సరికాదు.

ఇక్కడ, ఈ ఊళ్లో

హైదరాబాద్‌కి ఈ పనికి కావలసినవన్నీ ఉన్నాయి. తార్నాకలో ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) జంతు కేంద్రం, జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జంతు వనరుల కేంద్రం, హబ్సిగూడలో సీసీఎంబీ, కందిలో ఐఐటీ, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం, రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. చిట్టెలుక, ఎలుకలకి సంస్థలోని ఎథిక్స్ కమిటీ అనుమతి చాలు. కుక్కలకైతే ఆ కమిటీ సిఫార్సు మీద జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ ఒప్పుకోవాలి. దానికి పట్టే సమయం చూసి చాలామంది చిట్టెలుక దగ్గరే ఆగిపోతారు. నా అభిప్రాయంలో ప్రయోగం కోసం కొత్తగా కుక్కలకి గడ్డ ఎక్కించడం కంటే, తనంతట తాను ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి పశువైద్యుల దగ్గరకి వచ్చే కుక్కలకి, యజమాని ఒప్పుకుంటే, చికిత్సగానే చెయ్యడం న్యాయం. అలాంటివి అరుదు. అరుదైనా నిజమైన జబ్బు.

ఇంకొకటి. మన జంతుశాలలు 22 డిగ్రీల దగ్గర నడుస్తాయి. చిట్టెలుకకి హాయిగా ఉండేది 30 దగ్గర. 22లో అది చలికి తట్టుకోవడానికి ఒళ్లంతా కష్టపడుతుంది. అలా చలిలో పెంచిన చిట్టెలుకల్లో గడ్డలు వేగంగా పెరుగుతాయనీ, రోగనిరోధక స్పందన బలహీనంగా ఉంటుందనీ 2013లో చూపించారు. వేడి మీద పరిశోధన చేస్తూ జంతువు ఉండే గది వేడి రాయని పేపర్లు ఎన్నో. గూడుకి కాగితపు చీలికలు నిండుగా వెయ్యండి, గది వేడి రోజూ రాయండి.

జంతువుని ముట్టుకోకముందు మేక కార్జం. పొద్దున్నే తెచ్చిన తాజాది, సంచిలో కట్టి 37 డిగ్రీల నీళ్లలో అరగంట. ఫైబర్ దించి ఒక వాటు, రెండు, మూడు, ఒక్కోటి ఐదు ముక్కల్లో. ఫైబర్ దారి వెంట కొత్త బ్లేడుతో కోస్తే ముదురు గోధుమరంగు మధ్యలో పాలిపోయిన అండాకారం కనిపిస్తుంది. దాని అడ్డం, నిలువు కొలవండి. మధ్యలో నల్లటి గీత ఉంటే పవర్ ఎక్కువైంది. లోపల "టప్" మని చప్పుడు వస్తే నీరు ఆవిరై కణజాలం చీలింది. బతికున్న జంతువులో రక్తం వేడిని మోసుకుపోతుంది కాబట్టి అక్కడ అండాకారం దీనికంటే చిన్నగానే వస్తుంది. కార్జంలో వచ్చింది గరిష్ఠం అనుకోండి. ఈ పని వారంలో అయిపోతుంది, ఒక్క ప్రాణం పోదు, వాట్లూ నిమిషాలూ తేలిపోతాయి. ఆ తర్వాత జంతువుల సంఖ్య సగానికి తగ్గించుకునే వీలుంటుంది.

కమిటీకి ఇచ్చే ఫారంలో నొప్పి గురించిన గడిని ఒక్క వాక్యంతో నింపి వదిలెయ్యకండి. ఇది కాలిన గాయం. చిట్టెలుకకైతే నొప్పి తగ్గించే బ్యూప్రినార్ఫిన్ కిలోకి 0.05 నుంచి 0.1 మి.గ్రా. లేజర్‌కి ముందే ఇవ్వాలి, ఆ తర్వాత 8 నుంచి 12 గంటలకోసారి, కనీసం రెండు రోజులు. బరువు 20 శాతం తగ్గితే, పెచ్చు పగిలి పుండు పడితే, గడ్డ ఒకటిన్నర సెంటీమీటర్లు దాటితే ఆ జంతువుని అక్కడితో ప్రయోగం నుంచి విముక్తం చెయ్యాలని ముందే రాసి పెట్టుకోవాలి. నొప్పితో ముడుచుకు కూచున్న చిట్టెలుక తినదు, నీళ్లు తాగదు, ఒళ్లు చల్లబడుతుంది, గడ్డకి రక్తం తగ్గుతుంది. అప్పుడు మీరు కొలిచే అంచు లేజర్ గీసింది కాదు.